రెండు కణాల పిండంలో బ్రాకియూరీ బ్యాండ్ ఎందుకొచ్చింది? నల్గొండ కప్పగుడ్లతో ఒక కేస్ స్టడీ

జెల్ ఫోటో నా టేబుల్ మీద పెట్టి, "మేడమ్, చూడండి, జీన్ మొదటి నుంచే ఆన్ ఉంది" అంది మా ఎమ్మెస్సీ అమ్మాయి. ఆమె మొహంలో ఆ సంతోషం చూస్తే నాకు వెంటనే ఏమనడానికీ నోరు రాలేదు. రెండు కణాల దశలో సన్నగా ఒక బ్యాండ్ (జీన్ పనిచేస్తే జెల్ మీద కనపడే గీత), ముప్పైరెండు కణాల దగ్గర ఇంకొంచెం మందంగా, బ్లాస్టులాలో (పిండం కణాల బోలు బంతిలా ఉండే దశ) ఇంకా మందంగా, గాస్ట్రులాకొచ్చేసరికి (కణాలు లోపలికి మడుచుకునే దశ) మెరిసిపోతూ. మెట్లు కట్టినట్టు వరసగా ఎక్కుతోంది. ఎవరికి చూపించినా అబ్బ ఎంత మంచిగొచ్చింది అనే జెల్ అది. కానీ అందులో చూస్తున్నది బ్రాకియూరీ జీన్, పిండం గాస్ట్రులా వైపు వెళ్లేటప్పుడు దాని నడుము దగ్గర లేచే జీన్. రెండు కణాల పిండంలో అది కనపడితే మన పనిలో ఎక్కడో తప్పు జరిగిందనుకోవాలి.

ఆ తప్పు ఎక్కడుందో పట్టుకోడానికి మాకు రెండు వానాకాలాలు పట్టింది. తొలిదశ పిండాలతో ఆర్‌టి-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు తీసి, ఆ నకలును లెక్కలేనన్ని కాపీలు చేసి చూసే పద్ధతి) మొదలుపెట్టే ప్రతివాళ్లూ ఇవే గుంతల్లో పడతారు, అందుకే జరిగినదంతా దాచకుండా రాస్తున్నాను.

నేను నల్గొండలో పీజీ పిల్లలకు జువాలజీ చెబుతాను. పెద్ద ల్యాబుల్లో జెనోపస్ అనే ఆఫ్రికా కప్పను పెంచుతారు, సాయంత్రం హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే పొద్దున్నకు గుడ్లు సిద్ధం, ఏడాదిలో ఏ రోజైనా సరే. మాకు అది లేదు. మాకు వాన పడాలి. మృగశిర కార్తెకు అటో ఇటో ఒక గట్టి వాన కొట్టి, పానగల్లు వైపు పొలాల పక్కన గుంతలు నిండితేనే గుడ్లు. ఆ అమ్మాయిది దేవరకొండ వైపు ఒక పల్లె. వానలు పడని ఏడు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అని ఇంటింటికీ తిప్పితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసేవాళ్లని వాళ్ల నానమ్మ చెప్పేదట. ఆ జూన్‌లో మా ఎదురుచూపు కూడా అంతకు తక్కువేం కాదు. ఒక సీజన్ పాడైతే మళ్లీ ఏడాది ఆగాలి, ఈలోపు విద్యార్థి కోర్సే అయిపోతుంది.

మేము వాడింది ఇళ్ల చుట్టూ, వీధి లైట్ల కింద పురుగుల కోసం కూచునే కురుపుల కప్ప. పుస్తకాల్లో టోడ్ అంటారు, శాస్త్రీయ నామం డుట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ లైట్ వేసుకుని వెళ్తే, మోకాలు లోతు కూడా లేని గుంతలో ఆడకప్పను మగకప్ప గట్టిగా పట్టుకుని ఉంది, వెనక నుంచి రెండు పేటలుగా గుడ్ల దారం గడ్డి కాడల చుట్టూ చుట్టుకుంటూ వస్తోంది. జిగురులో గుచ్చిన నల్లపూసల దండ అనుకోండి, అచ్చం అలాగే ఉంటుంది. ఈ కప్పల్లో ఫలదీకరణ బయటే జరుగుతుంది కాబట్టి దారం బయటికొచ్చిన సమయమే లెక్కకు సున్నా. అది రాసుకుని, జానెడు దారం కత్తిరించి తెచ్చాం, మిగతాదంతా అక్కడే వదిలేశాం. నీళ్లు కూడా ఆ గుంతవే, గుడ్డలో వడకట్టి తెచ్చాం. ల్యాబులో బోరు నీళ్లున్నాయి కదా అన్నారు పిల్లలు. మన జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు, ఇక ఉప్పులు ఏ బోరుకు ఆ బోరు వేరు. రేపు ఏదైనా తేడా వస్తే జీన్‌దో నీళ్లదో తేల్చుకోలేక చస్తాం, వద్దన్నాను.

ఇంతకీ మేము చూడాలనుకున్నదేంటంటే, పిండం తన సొంత జీన్లను ఎప్పుడు వాడటం మొదలుపెడుతుంది అని.

ఫలదీకరణ అయిన గుడ్డు గబగబా ముక్కలవుతుంటే లోపల జీన్లన్నీ జోరుగా పనిచేస్తున్నాయనిపిస్తుంది. నిజానికి అప్పుడు అవి దాదాపు నిద్రలో ఉంటాయి. ఆ కొన్ని గంటల పనంతా తల్లి సొమ్ముతో నడుస్తుంది. గుడ్డు అండాశయంలో ఎదిగే నెలల్లో తల్లి అందులోకి ఎంఆర్‌ఎన్‌ఏలు (ప్రోటీన్ ఎలా చేయాలో చెప్పే జీన్ నకళ్లు), ప్రోటీన్లు, రైబోసోములు (ఆ ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలు) నింపి పెడుతుంది. ఆ నిల్వ ఎంతంటే, రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే జీన్లే లేని జెనోపస్ పిండాలు కూడా తల్లి ఇచ్చిన రైబోసోములతోనే ఈదే తోకకప్ప దాకా బతుకుతాయి, ఆ తర్వాతే చనిపోతాయి. బ్రౌన్, గర్డన్ 1964లో చూపించిన సంగతి ఇది. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ నాకు ఒక్క క్షణం మాట ఆగుతుంది.

జెనోపస్ లేవిస్‌లో 23 డిగ్రీల దగ్గర మొదటి విభజనకు సుమారు గంటన్నర పడుతుంది. ఆ తర్వాత అరగంటకొకటి చొప్పున, అన్ని కణాలూ ఒకే తాళంలో విడిపోతూ 12 విభజనలు అయ్యి సుమారు 4,000 కణాలయ్యేసరికి వేగం తగ్గుతుంది, కణాలు తాళం తప్పుతాయి, సొంత జీన్లు పెద్ద ఎత్తున మేల్కొంటాయి. దీన్ని 1982లో న్యూపోర్ట్, కిర్ష్నర్ వివరంగా చూపించారు, మిడ్ బ్లాస్టులా ట్రాన్సిషన్ అంటారు. అన్నీ సరిగ్గా ఆ నిమిషానికే లేస్తాయని కాదు, పక్క కణాలకు సంకేతాలు పంపే నోడల్ కుటుంబంలో ఒకటి రెండు జీన్లు 256 కణాల దగ్గరే మొదలవుతాయి. కానీ బ్రాకియూరీ వాటి తర్వాతి వరస. తల్లి వెజ్‌టి అనే ఎంఆర్‌ఎన్‌ఏను గుడ్డు అడుగున, అంటే శాకీయ ధ్రువం వైపు పెట్టి ఉంచుతుంది. దాని ప్రోటీన్ అడుగు కణాల్లో నోడల్ జీన్లను లేపుతుంది, ఆ నోడల్ సంకేతాలు పైకి వెళ్లి పిండం నడుము చుట్టూ ఉన్న కణాలను తాకుతాయి, అప్పుడు అక్కడ బ్రాకియూరీ వెలుగుతుంది. దాన్ని లేపాల్సిన జీన్లే ఇంకా లేవకముందు రెండు కణాల పిండంలో అదెట్లా వస్తుంది? నా అనుమానం అక్కడ మొదలైంది.

పేరు గురించి ఒక మాట. బ్రాకియూరీ అంటే గ్రీకులో పొట్టి తోక. 1927లో తోక పొట్టిగా ఉన్న ఎలుకల్లో ఈ మ్యూటేషన్‌ను మొదట వర్ణించారు. ఎలుక తోక పేరు పెట్టుకున్న జీన్ మన గుంతలోని తోకకప్పకూ తోక ఇస్తోందని చెబితే పిల్లలకు ఇక మర్చిపోవడం ఉండదు.

పని ఎలా చేశామో క్లుప్తంగా చెబుతాను. మైక్రోస్కోప్ కింద దశ చూసి, ట్యూబుకు పది పిండాలు వేసి, ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా కాపాడే ట్రైజాల్ ద్రావణంలో నలిపి, థర్మాకోల్ డబ్బాలో ఐస్ పెట్టుకుని బస్సులో హైదరాబాద్ తీసుకెళ్లాం. మా దగ్గర డీప్ ఫ్రీజర్ లేదు, తెలిసినవాళ్ల ల్యాబులో పని చేసుకోనిచ్చారు. ఆర్‌ఎన్‌ఏ తీసి, సీడీఎన్‌ఏగా (దాని డీఎన్‌ఏ నకలుగా) మార్చి, పీసీఆర్ చేసి, జెల్ మీద నడిపాం. ప్రైమర్లను, అంటే పీసీఆర్‌లో ఏ జీన్ కాపీ కావాలో గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలను, జెనోపస్ వరసనూ టోడ్ల వరసలనూ పక్కపక్కన పెట్టి, రెండింట్లో ఒకేలా ఉన్న చోట డిజైన్ చేసుకున్నాం.

జెల్ చూశాక ఆమెను అడిగిన మొదటి ప్రశ్న: "మైనస్ ఆర్‌టి ట్యూబు ఏదమ్మా?"

పెట్టలేదు. ఎంజైమ్ ఖరీదు, ట్యూబులు ఎక్కువవుతాయి, పైగా ఆర్‌ఎన్‌ఏ మంచిగానే ఉందని వదిలేసింది. ఆమె తప్పు కాదు, ప్రోటోకాల్ మీద సంతకం పెట్టింది నేను. మైనస్ ఆర్‌టి అంటే అదే ఆర్‌ఎన్‌ఏ తీసుకుని, అన్నీ వేసి, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేస్ ఒక్కటి మాత్రం వేయకుండా పీసీఆర్ చేయడం. ఆర్‌ఎన్‌ఏ నుంచి సీడీఎన్‌ఏ తయారు కాదు కాబట్టి బ్యాండ్ రాకూడదు. వచ్చిందంటే అది కలిసిపోయిన డీఎన్‌ఏ నుంచి వచ్చినట్టే. మిగిలిన ఆర్‌ఎన్‌ఏతో మరుసటి వారం చేశాం. అన్ని దశల్లోనూ బ్యాండ్ వచ్చింది, అవే మెట్లు, అదే వరస.

ఎక్కువసేపు కూచుని ఆలోచించింది దీని గురించే. మామూలు కణజాలంలో డీఎన్‌ఏ కలిస్తే అన్ని శాంపిళ్లలో ఒకేలా కలుస్తుంది, బ్యాండ్లన్నీ సమానంగా ఉంటాయి, చూడగానే తేడా పట్టేస్తాం. తొలిదశ పిండంలో అలా కాదు. జెనోపస్ లెక్కే తీసుకుంటే ఒక్కో న్యూక్లియస్‌లో సుమారు 6 పీకోగ్రాముల డీఎన్‌ఏ. రెండు కణాల పిండంలో 12 పీకోగ్రాములు. 4,000 కణాలు దాటేసరికి అదే పిండంలో సుమారు 25 నానోగ్రాములు, అంటే రెండు వేల రెట్లు. పిండం సైజు మారలేదు, మొత్తం ఆర్‌ఎన్‌ఏ కూడా పెద్దగా మారలేదు, డీఎన్‌ఏ మాత్రం ప్రతి విభజనకూ రెట్టింపవుతూ పోయింది. మీరు ఎంత జాగ్రత్తగా సమానంగా ఆర్‌ఎన్‌ఏ వేసినా, దాంతో పాటు వచ్చే డీఎన్‌ఏ మెట్లెక్కుతూనే ఉంటుంది. జీన్ మెల్లగా మేల్కొంటున్నట్టు కనపడిన ఆ అందమైన మెట్లు కణాల సంఖ్య పెరుగుతున్న మెట్లు. మా జెల్ ఒక రకంగా విభజనల లెక్క చెప్పింది.

మరి రెండు కణాల దశలో అంత తక్కువ డీఎన్‌ఏతో ఆ సన్నని బ్యాండ్ అయినా ఎట్లా వచ్చింది? పది పిండాలంటే ఇరవై న్యూక్లియస్‌లు, పైగా మేము పీసీఆర్ 35 సైకిళ్లు నడిపాం, ఒక్కో సైకిల్‌కూ కాపీలు దాదాపు రెట్టింపు, అన్ని సైకిళ్లకు కొన్ని పదుల కాపీలు కూడా కనపడతాయి. ఇంకోటి, మొదటి బ్యాచ్‌లో జిగురు పూర్తిగా తీయలేదు. టోడ్ గుడ్ల దారం జిగురు గట్టిది, జిగురు కరిగించే సిస్టీన్ ద్రావణంలో జెనోపస్ గుడ్లకు సరిపోయే ఐదు నిమిషాలు దీనికి చాలవు. ఆ జిగురులో గుడ్డులోకి వెళ్లలేకపోయిన శుక్రకణాలు చిక్కుకుని ఉంటాయి. ప్రతి దాంట్లో డీఎన్‌ఏ ఉంది కదా.

అంతకంటే పెద్ద తప్పు ప్రైమర్లలో ఉంది, అది పూర్తిగా నాది. రెండు ప్రైమర్లూ ఒకే ఎగ్జాన్‌లో (జీన్‌లో ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్క) పడ్డాయి. దాంతో సీడీఎన్‌ఏ నుంచి వచ్చినా, జీనోమ్ నుంచి వచ్చినా ఒకటే సైజు. మధ్యలో ఒక ఇంట్రాన్ (ఎంఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు కత్తిరించి పారేసే ముక్క) పడేట్టు పెట్టి ఉంటే జీనోమ్ నుంచి వచ్చే ముక్క చాలా పెద్దగా ఉండేది, లేదా అసలు వచ్చేదే కాదు, తప్పు మొదటి జెల్‌లోనే బయటపడేది.

రెండో సీజన్‌కు ప్రైమర్లు మార్చాం, డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్‌ఏజ్ ఎంజైమ్ వేశాం, లిథియం క్లోరైడ్‌తో ఆర్‌ఎన్‌ఏను మళ్లీ అవక్షేపించాం. ఈ చివరిది కప్ప పిండాలకు బాగా పనికొస్తుంది, ఆర్‌ఎన్‌ఏ కిందికి దిగుతుంది, డీఎన్‌ఏ, సొన నుంచి వచ్చే జిగట పదార్థాలు చాలావరకు పైనే ఉండిపోతాయి. సైకిళ్లు 28కి తగ్గించాం. మైనస్ ఆర్‌టి ఖాళీగా వచ్చింది. ఇక అంతా సర్దుకుందనుకున్నాం, సర్దుకోలేదు.

ఈసారి కంట్రోల్ జీనే తేడా చేసింది. అన్ని ట్యూబుల్లో ఆర్‌ఎన్‌ఏ సమానంగా ఉందని చూపించడానికి ఈఎఫ్-1 ఆల్ఫా పెట్టుకున్నాం, చాలామంది పెట్టుకునేదే. తొలి దశల్లో అది ఉందా లేదా అన్నట్టుంది, గాస్ట్రులాలో భగ్గుమంది. "మేడమ్, మొదటి ట్యూబుల్లో ఆర్‌ఎన్‌ఏ పాడైపోయినట్టుంది" అంది ఆమె, గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ బ్యాండ్లు చూస్తే రెండూ స్పష్టంగా, శుభ్రంగా ఉన్నాయి. ఆర్‌ఎన్‌ఏ పాడవలేదు.

ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, ఈఎఫ్-1 ఆల్ఫా జెనోపస్‌లో మిడ్ బ్లాస్టులా తర్వాత నిజంగానే విపరీతంగా పెరిగే జీన్. పెద్ద కప్ప కణజాలంలో నిలకడగా ఉండొచ్చు కానీ ఈ వయసు పిండంలో అది కొలబద్ద కాలేదు, కొలవాల్సిన వస్తువుల్లో అదీ ఒకటి. కొలబద్దే సాగుతుంటే దాంతో గుడ్డ ఎట్లా కొలుస్తాం?

రెండోది ఇంకా లోతైనది. మేము సీడీఎన్‌ఏ చేసింది ఆలిగో డీటీ ప్రైమర్‌తో. అది ఎంఆర్‌ఎన్‌ఏ చివర ఉండే అడెనిన్ల తోకను పట్టుకుని పని మొదలుపెడుతుంది. తోక ఉంటే దొరుకుతుంది, పొట్టిదైతే సరిగ్గా దొరకదు. కప్ప గుడ్డులో తల్లి ఎంఆర్‌ఎన్‌ఏల తోకలు స్థిరంగా ఉండవు. గుడ్డు పరిపక్వమయ్యేటప్పుడు మాస్, సైక్లిన్ బి లాంటి కొన్నింటి తోకలు పొడవవుతాయి, అలా పొడవైనప్పుడే వాటి నుంచి ప్రోటీన్ తయారీ జోరందుకుంటుంది. అదే సమయంలో రైబోసోమ్ ప్రోటీన్ల ఎంఆర్‌ఎన్‌ఏల తోకలు ఊడిపోతాయి. తోక ఊడినా ఆ ఎంఆర్‌ఎన్‌ఏ నాశనం కాదు, బ్లాస్టులా దాకా కణంలో అలాగే ఉంటుంది, పని మాత్రం చేయదు. అంటే ఆలిగో డీటీతో చూస్తే, ఉన్నదే లేనట్టు కనపడుతుంది, కొత్తగా ఒక్క అణువు తయారుకాకపోయినా తోక పెరిగినంత మాత్రాన జీన్ ఆన్ అయినట్టు కనపడుతుంది. వేరే ఏ కణజాలంలోనూ ఇంత తలనొప్పి నాకు ఎదురుకాలేదు. తల్లి రాసిపెట్టిన చీటీలను పిండం ఒక్కోటీ ఎప్పుడు చదవాలో ఈ తోకలతోనే నడుపుకుంటుంది, మనం ఆ తోకనే పట్టుకుని లెక్క తీస్తే లెక్క తప్పక ఏమవుతుంది!

మార్గం కష్టమైనదేం కాదు. ఆలిగో డీటీ పక్కన పెట్టి, ఎక్కడపడితే అక్కడ అతుక్కునే ర్యాండమ్ హెక్సామర్లు వాడాం. సమానత్వానికి జీన్‌ను నమ్ముకోకుండా పిండాల లెక్కనే నమ్ముకున్నాం, ట్యూబుకు పది అంటే పది, ఒక్కటి అటూ ఇటూ కాకుండా. పైగా ట్రైజాల్ పోసిన వెంటనే ప్రతి ట్యూబులో కప్పకు సంబంధం లేని లూసిఫెరేజ్ ఆర్‌ఎన్‌ఏ ఒకే మోతాదు కలిపాం, అన్నింట్లో అది సమానంగా వస్తే దారిలో ఏమీ పోలేదని అర్థం. ఓడీసీ అనే జీన్‌ను కూడా తోడు పెట్టుకున్నాం, జెనోపస్ వాళ్లు ఏళ్లుగా వాడేది అదే.

గంటల గురించి కూడా చెప్పాలి. మొదటి సీజన్లో ట్యూబుల మీద గంటలు రాశాం, పుస్తకంలోని జెనోపస్ పట్టిక చూసి. ఒక బేసిన్ కిటికీ పక్కన ఉంది, ఇంకోటి వరండాలో కుండ పక్కన చల్లగా ఉంది. ఒకే దారంలోంచి, ఒకే గంటకు తీసినవి చూస్తే ఒకదాంట్లో కణాలు సన్నని ఇసుకలా అయిపోయాయి, ఇంకోదాంట్లో ఇంకా వేలు పెట్టి లెక్కపెట్టేట్టున్నాయి. జూన్ ఎండకు మన ల్యాబులో గడియారం చూసి దశ చెప్పడం కుదరదు. రెండో సీజన్లో గంటలు తీసేసి, కంటికి కనపడిన దశ మాత్రమే రాశాం, నీటి వేడి పక్కన రాసుకున్నాం.

చివరికి వచ్చిన జెల్ మొదటిదాని అంత అందంగా లేదు. విజి-1, తల్లి ఇచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ, మొదటి ట్యూబు నుంచే నిండుగా ఉంది. బ్రాకియూరీ రెండు కణాల్లో లేదు, ముప్పైరెండులో లేదు, తొలి బ్లాస్టులాలో లేదు, చివరి బ్లాస్టులాలో సన్నగా ఒక గీత, గాస్ట్రులాలో స్పష్టంగా. మెట్లు లేవు, చీకటిగా ఉండి ఉండి ఒక్కసారి లైటు వేసినట్టు వచ్చింది.

అది నిజంగా నడుము కణాల్లోదేనా అని చూడటానికి ఒక్క పని అదనంగా చేశాం. కనుబొమ్మ వెంట్రుక ఒకటి పీకి, గాజు పిప్పెట్ కొసకు మైనంతో అతికించి, దాన్నే కత్తిగా చేసుకున్నాం. స్టీలు కత్తి పిండాన్ని నలిపేస్తుంది, వెంట్రుక అయితే కణాల మధ్య నుంచి జారుతూ కోస్తుంది. సన్నని ఫోర్సెప్స్‌తో పైపొర ఒలిచి, తొలి గాస్ట్రులా నెత్తిన ఉన్న నల్లటి టోపీని, అంటే జంతు ధ్రువం భాగాన్ని కోయాలి. మొదట్లో నాలుగు పిండాలు పగిలి సొన తెల్లగా డిష్ అంతా పరుచుకుంది. ఐదోదానికి ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి వెంట్రుకను ఒక్క వైపు నుంచి మెల్లగా నొక్కితే టోపీ విడిపోయింది, విడిపోయిన నిమిషానికే అంచులు లోపలికి ముడుచుకుని చిన్న బంతిలా అయిపోయింది. అది ముడుచుకోవడం మేమిద్దరం మైక్రోస్కోప్ వంతులవారీగా చూస్తూ ఉండిపోయాం. పది టోపీలు ఒక ట్యూబు, మిగిలిన పది కింది భాగాలు ఇంకో ట్యూబు. టోపీల్లో ఓడీసీ ఉంది, బ్రాకియూరీ లేదు. కింది భాగాల్లో రెండూ ఉన్నాయి.

దీంతో మేము ఏం చెప్పగలమంటే, మా గుంతలోని టోడ్‌లో బ్రాకియూరీ చివరి బ్లాస్టులా దగ్గర మొదలవుతుంది, పైటోపీలో రాదు, అంతే. సరిగ్గా ఎన్నో విభజనకు అన్నది చెప్పలేం, అన్ని దశలు తీయలేదు. ఎంత పెరిగిందో అంకె కూడా చెప్పలేం, మామూలు జెల్‌తో అది చెప్పకూడదు. ప్రాజెక్ట్ రిపోర్టులో ఆమె మొదటి సీజన్ జెల్‌ను కూడా పెట్టింది, పక్కనే మైనస్ ఆర్‌టి జెల్, కింద డీఎన్‌ఏ లెక్క. తీసేయమని ఒకరిద్దరు అన్నారు, నేను ఉంచమన్నాను.

ఈ వానాకాలం కొత్త అమ్మాయి ఒకామె గూస్‌కాయిడ్ తీసుకుంది. అది గాస్ట్రులాలో పై పెదవి (కణాలు లోపలికి మడుచుకునే చోట పై అంచు) వైపు మాత్రమే ఉండే జీన్ కాబట్టి ట్యూబులో నలిపితే సరిపోదు, పిండంలో ఎక్కడుందో రంగు వేసి చూడాలి. టోడ్ గుడ్డు కాటుకంత నలుపు, మేము వేసే ఊదారంగు దాని మీద కనపడదు, రంగు పట్టాక హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో లైటు కింద పెట్టి తెల్లగా చేయాలి. ఆ జీన్ ఆర్‌ఎన్‌ఏను వెతికి అతుక్కునే ప్రోబ్ తయారైంది. వాన ఇంకా పడలేదు.